అటకమీది ఉత్తరాలు, బల్లమీది దరఖాస్తులు: అన్నే ఫ్రాంక్ కుటుంబ పత్రాలపై ఒక విమర్శ

ఉపోద్ఘాతము

అన్నే ఫ్రాంక్ పేరు మన సంఘాలకు కొత్తది కాదు. ఆమె దినచర్యలోని ఒక భాగం ఎన్.సి.ఇ.ఆర్.టి. పదవ తరగతి ఆంగ్ల వాచకంలో పాఠంగా వచ్చింది. యౌవనస్థుల సదస్సులలోనూ, హేరోదు చంపించిన పసిపిల్లలను గూర్చిన క్రిస్మస్ వర్తమానాలలోనూ ఆమె తరచుగా దృష్టాంతమవుతుంది. ఆ దృష్టాంతం సాధారణంగా రెండు దారులలో నడుస్తుంది. మొదటి దారిలో, అన్ని శ్రమలలోనూ ఆ బాలిక మనుష్యుల మంచితనాన్ని నమ్మింది గనుక మనమూ నిరీక్షణ విడువకూడదని చెబుతాము. రెండవ దారిలో, యూదులు మెస్సీయను నిరాకరించి మత్తయి 27:25లో తమ నోటితో తామే పలికినది హిట్లరు కాలంలో వారి పిల్లలమీదికి వచ్చిందని చెబుతాము. మొదటి దారి చనిపోయిన పిల్లను మన ఓదార్పుకు వాడుకుంటుంది. రెండవది హంతకుల పనిని దేవుని లెక్కలో వ్రాస్తుంది.

ఈ రెండు పొరపాట్లకూ ఒక ఉమ్మడి కారణం ఉన్నదని ఈ వ్యాసం వాదిస్తుంది. మనం దినచర్యను ఒక్కదానినే చదువుతున్నాము, ఆ కుటుంబపు మిగిలిన కాగితాలను చదవడం లేదు. దినచర్యలో మనకు వినబడేది ఒక పిల్ల గొంతు. ఆ గొంతును ప్రేమించడం తేలిక, ప్రేమించిన వెంటనే మనం ఆమె పక్షాన నిలబడినట్లు అనిపిస్తుంది. కుటుంబ పత్రాలు చదివితే ఆ తృప్తి నిలువదు. అక్కడ ఒక తండ్రి దరఖాస్తు పట్టుకొని బల్లకు ఈవల నిలిచి ఉంటాడు. సంతకం చేసే కలం పట్టుకొన్న మనం బల్లకు ఆవలివైపున కూర్చున్నవారమని అప్పుడు గ్రహిస్తాము.

1. మూడు కట్టలు, ముగ్గురు కాపరులు

అన్నే 1929 జూన్ 12న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. 1933లో నాజీలు అధికారంలోకి రాగానే తండ్రి ఒట్టో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ చేరి, జామ్ తయారీకి వాడే పెక్టిన్ వ్యాపారం ప్రారంభించాడు. భార్య ఈడిత్, పెద్దకుమార్తె మార్గో ఆ సంవత్సరమే వచ్చారు. అన్నే 1934 ఫిబ్రవరిలో వచ్చింది. అంటే దాగుడుగదికి వెళ్లడానికి ఎనిమిదేండ్ల ముందే ఆమె శరణార్థి. ఈ సంగతి మన ప్రసంగాలలో దాదాపు వినబడదు.

ఆ కుటుంబపు కాగితాలు ముఖ్యంగా మూడు కట్టలుగా మిగిలాయి. మొదటిది దినచర్య. 1944 ఆగస్టు 4న దాగుడుగదిలోని వారిని బంధించి తీసుకొనిపోయిన తరువాత, నేలమీద పడియున్న కాగితాలను సహాయకురాలు మీప్ గీస్ ఏరి, చదవకుండా తన బల్ల సొరుగులో ఉంచింది. పిల్ల తిరిగివస్తే ఆమె చేతికే ఇవ్వాలని ఆమె తలంపు. వియన్నాలో పుట్టిన మీప్ కూడా 1920లో, మొదటి ప్రపంచయుద్ధానంతర కరవులో, ఆకలితో చిక్కిపోయి నెదర్లాండ్స్‌కు పంపబడిన పిల్లే.

రెండవ కట్ట స్విట్జర్లాండ్‌లోని బాజెల్ నగరంలో ఒక ఇంటి అటకమీద దొరికింది. ఒట్టో సోదరి హెలేనె ఎలియాస్, తల్లి ఆలిస్ ఫ్రాంక్ ఆ ఇంట్లో నివసించారు. తరాల తరబడి వచ్చిన వేలాది ఉత్తరాలు, ఫోటోలు, చిన్నపిల్లల పద్యాలు అక్కడ భద్రంగా ఉండిపోయాయి. వీటి ఆధారంగా మిర్యమ్ ప్రెస్లర్, ఆ ఇంటి కోడలు గెర్టి ఎలియాస్ సహాయంతో వ్రాసిన గ్రంథం 2009లో జర్మన్ భాషలో వెలువడింది.

మూడవది న్యూయార్క్‌లోని ఒక శరణార్థి సహాయసంస్థ ఫైలు. అది సంస్థ దస్తావేజులతో కలిసి యీవో యూదు పరిశోధనా సంస్థకు చేరి, దశాబ్దాలపాటు ఎవరి కంటా పడక, 2007 ఫిబ్రవరిలో బహిరంగమైంది. అందులో 1941లో ఒట్టో అమెరికాలోని స్నేహితునికి వ్రాసిన ఉత్తరాలు, వాటిమీద అధికారులు, సంస్థలు నడిపిన ఉత్తరప్రత్యుత్తరాలు ఉన్నాయి.

సొరుగులోని కట్టను ప్రేమ కాపాడింది, అటకమీది కట్టను ఇంటి అలవాటు కాపాడింది, ఫైలును కార్యాలయపు క్రమశిక్షణ కాపాడింది. మొదటి రెండింటిని చదవడానికి మనసు చాలు. మూడవదాన్ని చదవడానికి ఓర్పు కావాలి. లోకమంతా మొదటిదానినే చదవడంలో ఆశ్చర్యం లేదు.

2. సంపాదకుని చేయి

సెమినరీ విద్యార్థికి పాఠవిమర్శ, సంపాదక విమర్శ అనే మాటలు పరిచయమే. అవే ప్రశ్నలను ఇక్కడ కూడా అడగవలసి ఉన్నది. దినచర్య ఒక్క పాఠం కాదు. పిల్ల మొదట వ్రాసుకొన్నది ఒకటి. 1944 మార్చి 28న లండన్ నుండి డచ్ మంత్రి బోల్కెస్టైన్ రేడియోలో మాట్లాడుతూ సామాన్యుల ఉత్తరాలను, దినచర్యలను భద్రపరచాలని కోరగా, అది విన్న అన్నే తానే తిరగవ్రాసినది మరొకటి. ఈ రెండింటినుండి తండ్రి కూర్చి 1947 జూన్‌లో ప్రచురించినది మూడవది. 1986లో వచ్చిన విమర్శనాత్మక ప్రతిలో మూడు పాఠాలూ పక్కపక్కనే ముద్రించబడ్డాయి. తల్లిదండ్రుల దాంపత్యాన్ని గూర్చి అన్నే వ్రాసిన ఐదు పుటలను ఒట్టో విడిగా దాచాడన్న సంగతి 1998లో బయటపడింది.

ఒట్టో చేసినదాన్ని తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. భార్యను, ఇద్దరు పిల్లలను పోగొట్టుకొన్నవాడు చనిపోయిన భార్య గౌరవాన్ని కాపాడాలనుకొన్నాడు. కాని ఫలితం ఏమిటి? ఈడిత్ మన జ్ఞాపకంలో కూతురికి నచ్చని తల్లిగా మాత్రమే మిగిలింది. ఆ ఇంట్లో యూదు విశ్వాసాన్ని, ప్రార్థనను ఎక్కువగా పట్టుకొన్నది ఆమే. ఆమె 1945 జనవరి 6న ఆష్విట్జ్‌లో మరణించింది. మన వర్తమానాలలో ఆమె పేరే ఉండదు.

దినచర్యను నాటకంగా మలచిన గుడ్రిచ్, హాకెట్ దంపతులు 1955లో మరో అడుగు ముందుకువేశారు. మనుష్యుల మంచితనాన్ని గూర్చిన ఆ ప్రసిద్ధవాక్యంతోనే నాటకాన్ని ముగించారు. దినచర్యలో ఆ వాక్యం 1944 జూలై 15 నాటిది, దాని తరువాత కూడా ఆమె వ్రాసింది. సరిగ్గా ఇరవై రోజులకు ఆమెను పట్టుకొన్నారు. 1945 తొలి నెలల్లో బెర్గెన్-బెల్సెన్‌లో అక్క మార్గో, తరువాత ఆమె మరణించారు. ఆ శిబిరంలో ఆమె ఏమి నమ్మిందో వ్రాయడానికి ఆమెకు కాగితం లేదు. అమెరికన్ రచయిత్రి సింథియా ఓజిక్ 1997లో వ్రాసిన తీవ్రమైన వ్యాసంలో, లోకం ఈ దినచర్యను తనకు కావలసినట్లు మెత్తబరచుకొన్నదని ఆరోపించింది. ఆమె ధ్వని కఠినమైనదే గాని, మన ప్రసంగవేదికల విషయంలో ఆ ఆరోపణ నిలుస్తుంది. యోబు గ్రంథంలో మొదటి రెండు అధ్యాయాలు చదివి, మధ్యలోనివన్నీ విడిచి, చివరి అధ్యాయానికి దూకేవాని పద్ధతి ఇది.

ప్రెస్లర్ గ్రంథం ఈ లోటును కొంత పూరిస్తుంది. అందులో అన్నే అనేకులలో ఒకతె: నాయనమ్మకు మనవరాలు, బాజెల్‌లోని బావలకు ఉత్తరాలు వ్రాసే మేనమామ కూతురు. దాగుడుకు ముందు, 1942 జూలైలో, ఒట్టో తన సోదరికి పంపిన కార్డు ఆ కట్టలో అతి చిన్నదైనా అతి బరువైనది. ఇకమీదట ఉత్తరాలు వ్రాసుకోలేమని సూచనగా తెలిపి ఊరుకొన్నాడు. ఆ తరువాత దాదాపు మూడేండ్ల నిశ్శబ్దం. 1945లో ఆష్విట్జ్ నుండి విడుదలై బయటకు వచ్చిన కొడుకు ఉత్తరం తల్లికి చేరేవరకు అటకమీది కట్టలో ఆ ఖాళీ అలాగే ఉన్నది. ఈ గ్రంథానికి ఒక లోపం ఉన్నది: రచయిత్రి కొన్నిచోట్ల నవలాకారిణివలె పాత్రల మనసులోకి ప్రవేశించి ఖాళీలను నింపుతుంది. కుటుంబ పత్రాలలోని ఖాళీ కూడా ఒక సాక్ష్యమే, దానిని నింపకుండా ఉంచడమే న్యాయం.

3. ఎవరూ ‘కాదు’ అనని ఫైలు

మూడవ కట్టలోని కథను క్రమంగా చెప్పవలసి ఉన్నది. 1938 నవంబరులో జర్మనీ అంతటా యూదుల దేవాలయాలు తగులబెట్టబడిన తరువాత ఈడిత్ సోదరులు వాల్టర్, జూలియస్ జర్మనీ విడిచి అమెరికా చేరారు. అదే కాలంలో తల్లిదండ్రులు లేకుండా పిల్లలను మాత్రమే బ్రిటన్‌కు తరలించే ఏర్పాటు మొదలై, యుద్ధం ప్రారంభమయ్యేలోగా సుమారు 10,000 మంది పిల్లలు ఆ దారిన బయటపడ్డారు. మార్గోను, అన్నేను ఇంగ్లండుకు పంపమని లండన్‌లోని బంధువు ఒకరు అడిగినా, ఒట్టో, ఈడిత్ పిల్లలను విడిచి ఉండలేకపోయారు. అందరం కలిసే పోదామన్నారు. తల్లిదండ్రులైనవారు ఆ మాటను తప్పుపట్టలేరు.

ఒట్టో 1938లోనే రోటర్‌డామ్‌లోని అమెరికా కాన్సులేటులో పేరు నమోదు చేయించాడు. 1939 నాటికి జర్మన్ కోటాలో వీసాకోసం వేచియున్నవారు మూడు లక్షలకు పైగా ఉన్నారు. 1940 మే 14న జర్మన్ బాంబులకు కాన్సులేటులోని దరఖాస్తులు కాలిపోయాయి. 1941 ఏప్రిల్ 30న ఒట్టో తన విద్యార్థిదశ స్నేహితుడు, అప్పుడు అమెరికా ప్రభుత్వంలో పెద్దపదవిలో ఉన్న నేథన్ స్ట్రాస్‌కు ఉత్తరం వ్రాశాడు. ఇది ముఖ్యంగా తన పిల్లలకోసమని విన్నవించి, పూచీగా 5,000 డాలర్లు కావాలని అడిగాడు. స్ట్రాస్ దంపతులు ప్రయత్నించారు, బావమరదులు పూచీపత్రాలు ఇచ్చారు. 1941 జూన్‌లో, జర్మన్ ఆధీనంలోని ప్రాంతాలలో దగ్గరి బంధువులు ఉన్నవారికి వీసా ఇవ్వరాదని కొత్త నియమం వచ్చింది. జూలై నాటికి ఆ ప్రాంతాలలో అమెరికా కాన్సులేట్లే మూతపడ్డాయి. చివరికి క్యూబా దారి ఒకటి మిగిలింది. డిసెంబరు 1న ఒట్టో ఒక్కనికి క్యూబా వీసా మంజూరైంది. డిసెంబరు 11న జర్మనీ అమెరికామీద యుద్ధం ప్రకటించడంతో అది రద్దయింది.

2018లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని అన్నే ఫ్రాంక్ భవనం, వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియం కలిసి జరిపిన పరిశోధన ఒక ముఖ్యమైన నిర్ణయానికి వచ్చింది: ఈ కుటుంబపు దరఖాస్తును ఎవరూ తిరస్కరించలేదు. అది ఎక్కడా పూర్తికానేలేదు. నియమం, యుద్ధం, కాలహరణం కలిసి దానిని ఆపాయి.

సంఘకాపరి ఆగి ఆలోచించవలసిన చోటు ఇదే. పాపమును గూర్చి మనం చేసే బోధలో క్రూరునికి చోటున్నది, ద్రోహికి చోటున్నది. ‘ఇంకొక కాగితం తెండి’ అనేవానికి చోటు తక్కువ. లూకా 10లోని యాజకుడు, లేవీయుడు ఆ మనుష్యుని కొట్టలేదు, తిట్టలేదు, పక్కగా పోయారు. మత్తయి 25లో ఎడమవైపున నిలిచినవారి నేరం కూడా చేసినది కాదు, చేయనిదే.

4. ‘మారణహోమం’ అనే మాట, మత్తయి 27:25

ఈ మారణకాండకు మనం వాడే మాటలను కూడా పరిశీలించాలి. ‘హోలోకాస్ట్’ అనేది గ్రీకు మూలంలో సంపూర్ణ దహనబలి. తెలుగులో మనం వాడే ‘మారణహోమం’లో కూడా హోమమున్నది. రెండు మాటలూ మనకు తెలియకుండానే హత్యకు బలి రూపాన్నిస్తాయి. బలి అన్నచోట అర్పించేవాడొకడు, అంగీకరించేవాడొకడు ఉండాలి. ఎవరు అర్పించారు? ఏ దేవుడు అంగీకరించాడు? అందుకే యూదులు అనేకులు ‘షోవా’ అనే హీబ్రూ మాటను ఎంచుకొన్నారు. యెషయా 10:3, జెఫన్యా 1:15 వచనాలలో కనిపించే ఈ మాటకు విధ్వంసమని, పాడుచేయుట అని అర్థం. అందులో బలిపీఠం లేదు.

మత్తయి 27:25ను ఈ చావులకు వివరణగా చెప్పేవారు ఒట్టో ఫైలును తెరచి చూడాలి. అందులో కనబడేది దైవశాపం కాదు: తేదీలు, ముద్రలు, మారిన నియమాలు, మనుష్యుల సంతకాలు. పిలాతు ఎదుట ఒక ఉదయం అరచిన గుంపు మాటను పందొమ్మిది శతాబ్దాల తరువాతి పిల్లలమీద మోపడం వాక్యార్థానికి విరుద్ధం. యెహెజ్కేలు 18 అటువంటి వాదాన్నే కొట్టివేస్తుంది. రోమా 11లో పౌలు, అంటుకట్టబడిన కొమ్మలు కొట్టివేయబడినవాటిమీద అతిశయపడరాదని హెచ్చరిస్తున్నాడు. ఆ హెచ్చరికను ఐరోపా క్రైస్తవ్యం పెడచెవిని పెట్టిన చరిత్రలోనే ఈ విధ్వంసానికి నేల సిద్ధమైంది.

5. బాప్తిస్మ రిజిస్టరుకు రెండు అంచులు

జర్మనీలో పౌర జననమరణ నమోదు దేశమంతటా 1876లో ప్రారంభమైంది. అంతకుముందు పుట్టినవారికి ఆధారం సంఘ రిజిస్టర్లే. 1933 ఏప్రిల్‌లో ప్రభుత్వోద్యోగులకు ‘ఆర్య’ వంశం తప్పనిసరి చేయబడినప్పటినుండి, తాత, అవ్వల బాప్తిస్మ నకళ్లకోసం జనం పాస్టర్ల ఇండ్ల యెదుట వరుసకట్టారు. పాస్టర్లు వ్రాసి ఇచ్చారు. బెర్లిన్‌లో 1936లో నెలకొన్న సంఘ రిజిస్టర్ల కార్యాలయం కార్ల్ థెమెల్ అనే పాస్టరు ఆధ్వర్యంలో బాప్తిస్మం పొందిన యూదుల చిట్టాను ప్రత్యేకంగా తయారుచేసింది. దేవుని యింటికి చేర్చుకొన్నామని వ్రాసిన పుటే, వారిని అప్పగించే పుట అయింది. మరోవైపు హైన్రిక్ గ్రూబర్ అనే పాస్టరు అదే నగరంలో యూదు వంశీయులైన క్రైస్తవులు దేశం విడిచిపోవడానికి కాగితాలు సిద్ధంచేస్తూ 1940 డిసెంబరులో అరెస్టయి నాజీ శిబిరాల పాలయ్యాడు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది కలమే.

బైబిలులో కూడా ఈ రెండు అంచులూ ఉన్నాయి. ఎజ్రా 2:62లో వంశావళి పత్రంలో పేరు దొరకనివారు యాజకత్వం నుండి వేరుచేయబడ్డారు. యిర్మీయా 32లో మాత్రం, పట్టణం ముట్టడిలో ఉండగా ప్రవక్త పొలం కొని, క్రయపత్రాన్ని మంటికుండలో భద్రపరచుమని బారూకుకు అప్పగిస్తాడు. అక్కడ కాగితమే నిరీక్షణ. మీప్ గీస్ బల్లసొరుగు ఆ మంటికుండ వంటిది.

రిజిస్టరు అనగానే మన కాపరులకు మరొకటి గుర్తురాక మానదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేర్చబడినా, దళిత క్రైస్తవులు వెలుపలే నిలిచిపోయారు. అందుచేత గుడివాడ, మచిలీపట్నం ప్రాంతాల సంఘాలలో బాప్తిస్మపు పేరు ఒకటి, బడి రికార్డులో పేరు మరొకటి అయిన ఇండ్లు ఉన్నాయి. ఈ రెండు చరిత్రలూ సమానమని చెప్పడం లేదు. ఒకచోట లక్ష్యం సంహారం, మరొకచోట హక్కుల నిరాకరణ. కాని పాస్టరు వ్రాసే ఒక పంక్తి ఒక కుటుంబపు గతిని మార్చగలదని రెండుచోట్లా రుజువైంది. ఆ పంక్తిని ఎవరు అడుగుతున్నారు, ఎందుకు అడుగుతున్నారు అని విచారించకుండా నకలు ఇచ్చే కాపరి తటస్థుడు కాడు.

6. దివిసీమలో చదివినప్పుడు

ఈ పత్రాలను కృష్ణా దిగువ డెల్టాలో కూర్చుని చదివేవారికి మరొక కోణం తెరుచుకొంటుంది. ఈ తీరం కాగితాలను దాచుకోనివ్వని తీరం. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో తెలుగు మిషను ప్రారంభించిన తరువాత, 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో ఆ పట్టణంలోనూ చుట్టుపక్కలా సుమారు 30,000 మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన 10,000 మందికి పైగా ప్రాణాలను తీసింది. మనుష్యులతోపాటు ట్రంకుపెట్టెలు, పట్టాలు, పెండ్లి ఫోటోలు, పుట్టిన తేదీలు వ్రాసుకొన్న కుటుంబ బైబిళ్లు కొట్టుకొనిపోయాయి. ఫ్రాంక్ కుటుంబంలో ఒక్కడు మిగిలాడు, కాగితాలు మిగిలాయి. ఇక్కడ కొన్ని ఇండ్లలో ఒక్కరు మిగిలారు, కాగితం మిగలలేదు.

ఉప్పెన, షోవా ఒకటి కావు. ఒకటి సముద్రం చేసినది, ఒకటి మనుష్యులు పథకం వేసి చేసినది. అయితే వేదికమీద వాటిని వివరించే తీరులో పోలిక ఉన్నది. దివిసీమ చావులను కూడా దేవుని ఉగ్రతగా చెప్పే ప్రసంగాలు ఉన్నాయి. సిలోయము గోపురం కూలి చచ్చిన పద్దెనిమిదిమంది ఇతరులకంటె పాపులా అని యేసు అడిగిన ప్రశ్న (లూకా 13:4) ఆ ప్రసంగాలకు జవాబు. గాలి, నీరు సముద్రానివే. తీరంలో ఎవరి గుడిసెలు ఉన్నాయి, హెచ్చరిక ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అనేవి మాత్రం మనుష్యుల లెక్కలు. ఒట్టో ఫైలు నేర్పే చదువు ఇదే: చావుకు దేవుని పేరు పెట్టకముందు, మధ్యలో ఉన్న మనుష్యుల సంతకాలను చదవాలి.

అందుచేత కాపరులు, విద్యార్థులు చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. ఉప్పెన నాటి సమాధి రిజిస్టర్లు, సంఘసభ్యుల పట్టికలు మిగిలినచోట వాటికి నకళ్లు తీసి వేరొకచోట భద్రపరచాలి. రిజిస్టరు పోయినచోట, మిగిలినవారి నోట చనిపోయినవారి పేర్లను వ్రాయించుకోవాలి. సంఘానికి వెలుపలివారైన పొరుగువారి పేర్లు కూడా అందులో ఉండాలి. ఒక కుటుంబపు దుఃఖాన్ని దృష్టాంతంగా వాడకముందు ఆ కుటుంబాన్ని అడగాలి, వారు వద్దంటే మానాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఖాళీని ఖాళీగా ఉంచడం నేర్చుకోవాలి.

ముగింపు

రామాలో రాహేలు ఏడ్పును యిర్మీయా (31:15) చెప్పగా, మత్తయి (2:18) తన సువార్త మొదటనే మరల చెబుతాడు. ఆమె ఓదార్పు పొందనొల్లదని వ్రాసి మత్తయి అక్కడ ఆగుతాడు. ఆ ఏడ్పుకు వివరణ ఇవ్వడు, గుణపాఠం తీయడు. అదే అధ్యాయంలో యేసు కూడా తల్లిదండ్రులతో సరిహద్దు దాటిన శరణార్థి బాలుడే. ఐగుప్తు సరిహద్దు అతనికి తెరచి ఉన్నది గనుకనే సువార్తలో మూడవ అధ్యాయమున్నది. అన్నేకు, మార్గోకు అటువంటి సరిహద్దు దొరకలేదు. వారి కుటుంబ పత్రాలు మన విశ్వాసాన్ని బలపరచడానికి వ్రాయబడినవి కావు. మన బల్లమీద ఈవేళ ఎవరి దరఖాస్తు ఉన్నదో చూచుకోమని అవి మనలను అడుగుతున్నాయి.